ఒక్కో డబ్బాకు ఒక్కో ఎర్తు

మా మైకుసెట్టు ఎక్కడికి పోయినా దాని వెంట ఒక గోనెసంచి పోయేది. అందులో మూరెడేసి పొడవు ఇనుప మేకులు, ఒక సుత్తె, ఒక ఉప్పు పొట్లం ఉండేవి. గొంతు పెంచే ఆంప్లికి ఒక మేకు, రికార్డు ప్లేయరుకు ఒక మేకు, మైకు స్టాండుకు ఒక మేకు. ఏ డబ్బా మేకు ఆ డబ్బాకే. మేకును భూమిలోకి దిగ్గొట్టి, చుట్టూ ఉప్పునీళ్లు పోసి, డబ్బా ఒంటికి వైరు కట్టి ఆ మేకుకు చుడితేనే మా ఆయన స్విచ్చి వేయనిచ్చేవాడు. బాన్సువాడలో మిగతా సెట్ల వాళ్లు ఇంత చేసేవారు కాదు. మనసైతే ఒక మేకు కొట్టేవారు, లేకపోతే అదీ లేదు. మమ్మల్ని చూసి నవ్వేవారు.

"ఏందక్కా, మైకు కట్టనీకొచ్చిన్రా, డేరా ఏయనీకొచ్చిన్రా?"

నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. వాళ్ల పది వేళ్లూ బాగున్నాయి కాబట్టి నవ్వుతున్నారు.

మా ఆయనకు కరెంటు కొట్టింది బిచ్కుందలో, ఒక పెళ్లిలో. హారన్లలో గుంయ్‌మని మోత వచ్చింది. పాట వినబడటం లేదని పెళ్లిపెద్దలు గోల చేశారు. ఎర్తు తీసేస్తే మోత పోతుందని ఎవరో అన్నారు. తీశారు. పోయింది కూడా. అంతకు ముందు వాన కురిసి నేల తడిగా ఉంది. మా ఆయన ఇనుప మైకును కుడిచేత్తో పట్టుకుని హలో అన్నాడు. రెండో హలో రాలేదు. నోరు తెరిచి ఉంది, చెయ్యి మైకును వదలటం లేదు. నేను ఆడవాళ్లలో కూర్చుని ఉన్నాను. పక్కనున్న కర్రపీట ఎత్తి మైకు వైరు మీద కొట్టాను, అది ఊడి పడింది. ఏది కొట్టాలో ఎట్లా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

దవాఖానలో ప్రాణం నిలబెట్టారు. కుడిచేతి వేళ్లు మాత్రం మైకును పట్టుకున్నట్టే ముడుచుకుని ఉండిపోయాయి. ఎడమచేత్తో తినటానికి సిగ్గుపడి తర్వాత ఏ పెళ్లి బంతిలోనూ ఆయన కూర్చోలేదు.

అప్పటి నుంచి నిచ్చెన ఎక్కింది నేనే. హారన్లు కట్టింది నేనే. నాకు అప్పటికి ఒక్క అక్షరం రాదు. ఆంప్లి మీద మీటల కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. నేను గోళ్ల రంగుతో చుక్కలు పెట్టుకున్నాను. ఎర్ర చుక్క గొంతు పెంచేది, రెండు చుక్కలది లావు గొంతు, మూడు చుక్కలది సన్న గొంతు. తర్వాత చాలా ఏళ్లకు పెద్దవాళ్ల బడిలో చేరి తెలుగు నేర్చుకున్నాను. నేర్చుకున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను. రాయాలనుకున్నది నా చదువు సంగతి కాదు, మా మరిది గిటారు సంగతి.

నేను కాపురానికి వచ్చేనాటికి మా మరిది చెడ్డీ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లవాడు. మా అత్త తొందరగా పోయింది. వాడికి అన్నం పెట్టింది, తలంటింది, తన్నింది నేనే. పెరిగి నిజామాబాదులో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. అక్కడ ఎవరి దగ్గరో గిటారు నేర్చుకున్నాడు. ఎనభైల మొదట్లో ఒకసారి ఇంటికి వచ్చి, అక్కడి ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే మనిషి బొంబాయి పోయాడనీ, తనను పెట్టుకుంటారనీ చెప్పాడు. ముందు ఒక ప్రోగ్రాం వాయించి చూపించాలట. ఆ ప్రోగ్రాం పిట్లం తొవ్వలో, కాలువ కింద ఆంధ్రావాళ్ల క్యాంపులో, ఒక పెళ్లికి. సెట్టు మనదే చెప్పానని వాడు సంబరంగా అన్నాడు.

మా ఆయన ఒక్కటే అడిగాడు. "గా గిటారు తీగలు ఇనుపయేనా?"

"ఇనుపయే అన్నా. నైలాన్‌వి మోగయి."

"పాడుకుంట వాయిస్తవా?"

"ఆఁ. ఎనకపాట పాడాలె."

ఆయన ఎందుకు అడిగాడో నాకు అర్థమైంది. వేళ్లు ఇనుము మీద, పెదవులు ఇంకో ఇనుము దగ్గర. ఆ రెంటిలో ఒకదానికి కరెంటు వస్తే నడుమ ఉన్నది మా పిల్లవాడు. పెళ్లి రోజు దాకా నాకు అన్నం రుచి తెలియలేదు. వాడు బాగా వాయించాలని కూడా నేను మొక్కలేదు. ఎట్లా పోయినవాడు అట్లా ఇంటికి రావాలి, వేళ్లు తెరుచుకుని, అంతే.

క్యాంపులో ఎడ్లబండి దిగేసరికి ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చి ఉన్నారు. వాళ్ల మాస్టరు మంచి మనిషే గాని తొందర మనిషి. గిటారుతో పాటు ఒక ఇనుప డబ్బా తెచ్చాడు. గిటారు వైరు నేరుగా ఆంప్లికి రాదు, ముందు ఆ డబ్బాలోకి పోయి అక్కడి నుంచి ఆంప్లికి వస్తుంది. డబ్బా మీద ఒక మీట కాలితో తొక్కితే గిటారు గొంతు బొంగురుపోయినట్టు గరగరమనేది. ఇంకొకటి తొక్కితే బావిలోకి వంగి అరిచినట్టు ఒక్క దెబ్బే మూడు నాలుగుసార్లు తిరిగి వినబడేది. ఆ డబ్బాకు కరెంటు వేరే.

ఆంప్లికి కలపక ముందే మరిది ఆ డబ్బాను కరెంటుకు పెట్టి, దానికి గిటారు తగిలించి, తీగల మీద చెయ్యి వేశాడు. వెంటనే తీశాడు.

"వదినా, తీగలు చిమచిమ అంటున్నయి."

టెస్టర్ పెట్టి చూస్తే లోపలి దీపం మినుకుమినుకుమన్నది. మా ఆయన సంచిలోంచి నాలుగో మేకు తీశాడు. నేల తడి ఉన్న చోటే కొట్టమన్నాడు. పందిరి ముందు నేల ఎండి గట్టిగా ఉంది, ఆంప్లి మేకునే దిగ్గొట్టలేక చచ్చాను. అందుకని స్టేజీ వెనక, పశువుల కొట్టం పక్కన కుడితి పారిన చోట ఈ మేకు కొట్టి, ఉప్పునీళ్లు పోసి, అక్కడి నుంచి డబ్బా దాకా వైరు లాగాను. మళ్లీ టెస్టర్ పెడితే దీపం లేదు. మరిది చెయ్యి వేశాడు. చిమచిమ లేదు.

అప్పుడు గిటారు డబ్బా వైరు తెచ్చి ఆంప్లికి పెట్టాం. హారన్లు గుంయ్‌మన్నాయి.

ఎక్కడో విన్న మోత. బిచ్కుందలో విన్న మోతే. మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

పెళ్లికూతురి తండ్రి కండువా సర్దుకుంటూ వచ్చాడు. "ఏంటమ్మా ఇది? మా అమ్మాయి పెళ్లా, తుమ్మెదల పెళ్లా?"

"సవరిస్తున్నాం, జర ఆగుండ్రి," అన్నాను.

"మగపెళ్లివారు వచ్చేస్తారు. వాళ్లు దిగిన చోటికి కూడా వినబడుతోంది ఇది. నా పరువు తియ్యకండి మరి."

మాస్టరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వాళ్లు వచ్చేలోగా మోత పోవాలి, లేదంటే గిటారు లేకుండానే ప్రోగ్రాం నడుపుతానన్నాడు. మరిది ముఖం చిన్నబోయింది.

తెలిసినవన్నీ చేశాం. మరిది డబ్బాను ఆంప్లికి ఆనించి పెట్టాడు, తీసి దూరం పెట్టించాను. ఆంప్లి లోపలి ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఏది పెట్టినా గుంయ్‌మంటుంది. కొంచెం తగ్గింది. కరెంటు వైరూ గిటారు వైరూ ఒకదాని మీద ఒకటి చుట్టుకుని పడి ఉన్నాయి. విడదీసి, కరెంటుది ఒక పక్కకు, గిటారుది ఇంకో పక్కకు పరిచాను. ఇంకొంచెం తగ్గింది. స్టేజీ మీది ట్యూబులైట్లు ఆర్పించాను. చరచరమనే శబ్దం పోయింది, గుంయ్ పోలేదు. గిటారు మీది మీట పూర్తిగా పెంచమని, ఆంప్లి మీద నా ఎర్ర చుక్క మీటను తగ్గించాను. బుస తగ్గింది, గుంయ్ పోలేదు. వైరు మార్చాం. పోలేదు.

"వదినా, నేను గిటారు ముట్టకున్నా మోగుతుంది. నా తప్పు కాదు గదా?" అన్నాడు మరిది, చెమట తుడుచుకుంటూ.

"నీ తప్పని ఎవడన్నడు? జరగు."

మాస్టరు వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయరు తీసుకుని వచ్చాడు. "అక్కా, గిది ఎర్తుతోనే వస్తుంది. నేను శాన జాగల చూసిన. గా డబ్బా ఎర్తు తీసెయ్, దెబ్బకు బంద్ అయితది."

"తియ్య."

"అరె, ఏం కాదక్కా."

మా ఆయన వచ్చి తన కుడిచెయ్యి మాస్టరు ముఖం ముందు పెట్టాడు. "ఏం కాదని నాకు గూడ చెప్పిన్రు."

మాస్టరు ఆ చేతిని చూసి ప్లేయరు కిందికి దించాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అన్నా, నీ బాధ నాకు సమజైంది. గని మరి నేనేం జెయ్యాలె? గీ మోతల పాట ఎట్ల పాడాలె?"

అతను డబ్బా దగ్గరకు వంగాడు. నేను ఎర్తు వైరు మీద కాలు పెట్టాను.

"కాలు తియ్ అక్కా."

"నువ్వు ప్లేయరు తియ్."

ఆ మాట నా నోట్లో ఉండగానే మోత ఆగిపోయింది. దీపం ఊదినట్టు ఆగిపోయింది. హారన్లలో ఏమీ లేదు. ఎక్కడో వంటల దగ్గర గరిటె చప్పుడు వినబడింది.

మాస్టరు నిటారుగా లేచాడు. "శభాష్! ఏం జేసినవ్?"

మరిది నవ్వుతూ గిటారు అందుకోబోయాడు. నేనేమీ చేయలేదు. మోత పోయిందంటే ఎర్తు పోయినట్టే, నాకు తెలిసింది అదొక్కటే.

"ముట్టకు! గిటారు ముట్టకు! మైకు ముట్టకు!" అని అరిచి బోర్డు మీది స్విచ్చి ఆర్పేశాను. వైరు పట్టుకుని దాని వెంట కొట్టం దిక్కు ఉరికాను. వైరు సగంలోనే తెగి పడి ఉంది. మేకు కొట్టిన చోట గుంత ఉంది, మేకు లేదు. కొంచెం దూరంలో ఒక బర్రె నింపాదిగా పోతోంది. దాని మెడ పలుపు చివర మా మేకు నేలను గీరుకుంటూ పోతోంది.

పక్క తండా నుంచి వచ్చి అక్కడ పశువులను చూసుకునే మనిషి దాని వెనక ఉరుకుతున్నాడు. బర్రెను తన భాషలో తిడుతున్నాడు, నన్ను చూసి తెలుగులోకి వచ్చాడు.

"గుంజ అనుకున్న అక్కా! పొద్దుగాల గీడ గుంజ లేకుండె. పెండ్లోళ్లు మంచిగ పాతిచ్చిన్రు అనుకుని కట్టేసిన."

"గుంజకు వైరెందుకు ఉంటదయ్యా?"

"పెండ్లిల అన్నిటికి లైట్లు కడుతున్నరు గదా, గుంజకు గూడ కడ్తరేమో అనుకున్న."

నా వెనక వచ్చిన మాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మరిది నవ్వాడు. మా ఆయన మెల్లగా నడిచి వచ్చి బర్రెను చూసి, "దానికి కరెంటు కొట్టలే, సంతోషపడు," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేను ఆ గుంతను చూస్తూ నిలబడ్డాను.

మేకు ఊడింది, మోత పోయింది. మాస్టరు చెప్పింది నిజమే అన్నమాట. అయితే తీగలు మళ్లీ చిమచిమలాడాలి. తిరిగి వచ్చి స్విచ్చి వేసి, తీగలకు టెస్టర్ పెట్టాను. దీపం వెలగలేదు. డబ్బా ఒంటికి పెట్టాను. వెలగలేదు. ఇందాక వెలిగింది కదా, ఇప్పుడెందుకు వెలగదు? టెస్టర్ చెడిపోయిందేమోనని బోర్డు రంధ్రంలో పెట్టి చూశాను. టెస్టర్ బాగానే ఉంది.

ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారిందని ఆలోచించాను. ఇందాక డబ్బా ఒంటరిగా ఉంది. ఇప్పుడు వైరుతో ఆంప్లికి కలిసి ఉంది. ఆ వైరు లోపల పాట పోయే తీగ, దాని చుట్టూ సన్నని రాగి జాలి ఉంటాయి. జాలి ఒక కొస డబ్బా ఒంటికి, ఇంకో కొస ఆంప్లి ఒంటికి తగిలి ఉంటుంది. ఆంప్లికి తన మేకు ఉంది. అంటే డబ్బాకు నేను వేరే మేకు కొట్టక ముందే, జాలి మీదుగా ఆంప్లి మేకులోకి ఒక తొవ్వ ఉన్నట్టే. మేము రెండో తొవ్వ వేశాం. అదీ తడి నేలలో, ఎక్కడో దూరంగా.

కాలువ కింద పొలాలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కరలేదు. రెండు మళ్లు పక్కపక్కనే ఉంటాయి, రెంటిలోనూ నీళ్లు ఆగి ఉంటాయి, చూస్తే ఒకే మట్టంలో ఉన్నట్టుంటాయి. నడుమ గట్టుకు గండి పడితే తెలుస్తుంది, ఒకదాన్నుంచి ఒకదానికి నీళ్లు పారుతూనే ఉంటాయి. మా రెండు మేకులూ అట్లాంటి రెండు మళ్లే. జాలి ఆ గండి. అందులోంచి పారేదే హారన్లలో గుంయ్‌మన్నది. చదువుకున్నవాళ్లు దీన్ని ఇంకెట్లా చెబుతారో, నాకు మాత్రం ఇట్లాగే అర్థమైంది.

మా ఆయనకు చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క పల్చటి జాలి మీద ఆని పాణం పెడ్తవా? గా జాలి అతుకు ఊడితే?"

జాలి వైరు కొసల్లో అతుకులు ఎప్పుడూ ఊడుతూనే ఉంటాయి. వాడు పాట మధ్యలో కాలు తన్నినా ఊడవచ్చు. ఊడితే పాట ఆగుతుంది, చిమచిమ మొదలవుతుంది. కూర్చుని ఆలోచించాను. దూరంగా బ్యాండు చప్పుడు వినబడుతోంది. పెళ్లికూతురి తండ్రి చేతులు నలుపుకుంటూ ఇటూ అటూ తిరుగుతున్నాడు.

"జాలి మీద వద్దు," అన్నాను. "లావు వైరే కడుదాం. గని వేరే మేకుకు కాదు. ఆంప్లి మేకుకే. మైకు స్టాండుది గూడ దానికే. రికార్డు ప్లేయరుది గూడ. అన్నీ ఒక్క మేకుకే."

"ఒక్కటా!"

"ఒక్కటే."

"నాలుగు ఉంటెనే నాకు నిద్ర పట్టది."

"నాలుగు ఉండుడే తప్పయింది. కొట్టినయి పీకుతవా, నన్ను పీకమంటవా?"

ఆయన పీకలేదు. పక్కకు తిరిగి నిలబడ్డాడు. ఆంప్లి మేకు ఉంచి, మిగిలినవి నేనే ఒక్కొక్కటీ కదిపి ఊపి పీకాను. అవి కొట్టినప్పుడు ఎంత గట్టిగా దిగాయో పీకేటప్పుడు తెలిసింది. డబ్బా నుంచి లావు వైరు, గిటారు వైరు పక్కనే ఆనించి, ఆంప్లి మేకు దాకా తెచ్చి చుట్టాను. మైకు స్టాండుదీ రికార్డు ప్లేయరుదీ కూడా దానికే చుట్టాను. మిగిలిన ఉప్పు అంతా ఆ ఒక్క మేకు మొదట్లో పోసి బిందె నీళ్లు గుమ్మరించాను.

ఇక పట్టుకుని చూడాలి. టెస్టర్ దీపం మాట ఎవరు నమ్ముతారు!

"నేను పడ్త వదినా," అన్నాడు మరిది.

"నోరు మూసుకుని అవతల నిలబడు."

మా ఆయన ముందుకు వచ్చాడు. "నేను పడ్త. నాదెట్లన్న పోయిన చెయ్యే."

"నీ చేతికి స్పర్శ లేదు. కొట్టినా నీకు తెల్వది."

ఆయనకు కోపం వచ్చి ఉంటుంది. వచ్చినా సరే. చెప్పులు విడిచి తడి నేల మీద నిలబడ్డాను. అరచేత్తో పట్టుకోకూడదు, కరెంటు ఉంటే వేళ్లు ముడుచుకుని వదలవు. వెనక చేత్తో తాకాలి, అప్పుడు చెయ్యి దానంతటదే విదిలించుకుంటుంది. ఇది మా ఆయన తనకు జరిగిన తర్వాత నాకు నేర్పింది. కుడిచేతి వెనక భాగాన్ని గిటారు తీగల దగ్గరకు తెచ్చాను. ఎడమచేతి వెనక భాగాన్ని మైకు దగ్గరకు తెచ్చాను. ఆ కాస్త దూరం దగ్గర చేతులు రెండూ ఆగిపోయాయి. నేను ఆపలేదు. అవే ఆగాయి.

"వదినా, వద్దు తియ్," అన్నాడు మరిది. వాడి గొంతు చిన్నప్పటి గొంతులా ఉంది.

తాకించాను. తీగలు చల్లగా తగిలాయి. మైకు చల్లగా తగిలింది. అంతే.

నమ్మకం కుదరలేదు. డబ్బా ప్లగ్గును తీసి తిరగేసి పెట్టించాను. మళ్లీ తాకాను. గరగర మీట తొక్కించి తాకాను. బావి మీట తొక్కించి తాకాను. జాలి వైరు ఆంప్లి నుంచి ఊడదీయించి కూడా తాకాను. తీగలు చల్లగానే ఉన్నాయి. అప్పుడు అరచేత్తో పట్టుకున్నాను. మాస్టరు చూసి, "అక్కా, నువ్వే వాయించేటట్టున్నవ్, ఇగ ఇడ్వు," అన్నాడు.

జాలి వైరు మళ్లీ పెట్టి మీట పెంచితే మోత పూర్తిగా పోలేదు. అగ్గిపెట్టెలో మూసిన ఈగలా ఎక్కడో సన్నగా ఉంది. మరిది ఒక దెబ్బ కొట్టేసరికి అది కూడా వినబడలేదు.

"గిది చాలు," అన్నాడు మాస్టరు. వెళ్లేముందు ఆ ఒక్క మేకు దగ్గర కాసేపు నిలబడి చూశాడు. "ఎర్తు తీసుడు కాదన్నట్టు, ఒక్కటి జేసుడు," అని తనలో తనే అనుకున్నాడు.

మగపెళ్లివారు వచ్చారు. ఎండ చల్లబడుతుండగా ప్రోగ్రాం మొదలైంది. మా మరిది బాగా వాయించాడనీ, జనం ఈలలు వేశారనీ తర్వాత విన్నాను. ఆర్కెస్ట్రాలో వాణ్ణి పెట్టుకున్నారు కూడా. నాకు మాత్రం ఆ పాటల్లో ఒక్కటీ గుర్తు లేదు. వాడు మైకు దగ్గరకు వంగినప్పుడల్లా నా చెయ్యి స్విచ్చి మీదకు పోయేది. వెనక్కి జరిగితే చెయ్యి కిందికి దిగేది.

మా ఆయన స్టేజీ వైపు చూడలేదు. మేకు పక్కన కుర్చీ వేసుకుని, స్టేజీకి వీపు పెట్టి, ఎడమచేతిలో ఒక కర్ర పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లికూతురి తండ్రి మోత పోయిన సంతోషంలో వచ్చి ఆయన భుజం తట్టాడు.

"ఏవయ్యా, నీ తమ్ముడే కదా ఆ వాయించేది? ఇలా వెనక్కి తిరిగి కూర్చున్నావేంటి? ముందు వరసలోకి రా."

"మీరు పోండి సాబ్," అన్నాడు మా ఆయన, కర్రతో కొట్టం దిక్కు చూపిస్తూ. "గీడ బర్రెలొస్తయి."